పాదిరీ వెనక పంతులు

బేస్‌మెంట్ ఖాళీ చేస్తే గానీ ఇల్లు అమ్మకానికి పెట్టేది లేదని రియల్టర్ తేల్చి చెప్పాక, మా ఆవిడ పై మెట్టు మీద న్యాయమూర్తిలా కూర్చుంది. నేను కింద నుంచి ఒక్కో సామానూ ఎత్తి చూపించడం, ఆవిడ శిక్ష వెయ్యడం. శిక్షలన్నీ ఒకటే: "పారెయ్యండి." అలా ఎత్తిన ఓ బూట్ల డబ్బా మూత ఊడి, ఇండెక్స్ కార్డులు నేలంతా పరుచుకున్నాయి. అరచేతిలో ఇమిడే కార్డులు, అంచులు పసుపెక్కినవి. కొన్ని వయసుతో పసుపెక్కాయి, కొన్ని అచ్చంగా పసుపుతోనే.

"ఏంటవి?" అంది ఆవిడ.

"మా పాదిరీగారు."

"ఆయనింకా పోలేదా? పారెయ్యండి."

"వెనకాల మంత్రాలున్నాయే!"

న్యాయమూర్తి ఆలోచనలో పడింది. మంత్రాలు రాసిన కాయితం చెత్తలో వెయ్యకూడదు, పారే నీళ్లలో కలపాలి. పోటోమాక్ నదిలో కలపబోతే మనల్ని పోలీసులు కలుపుకుపోతారు. "సరే, పైకి పట్రండి," అంది చివరికి. అలా ఆ రోజు మంత్రాలు పాదిరీగారిని కాపాడాయి. ఒకప్పుడు ఆ పాదిరీగారే ఆ మంత్రాల్ని నిలువునా ముంచబోయారన్న సంగతి ఆవిడకి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

డెబ్భైల చివర నేను వర్జీనియాలో ఒక విశ్వవిద్యాలయానికి చరిత్ర చదవడానికి వచ్చాను. అప్పటికి ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో సగం మంది డాక్టర్లు, సగం మంది ఇంజనీర్లు. అంటే ఒళ్లు బాగుచేసేవాళ్లూ, ఇళ్లు బాగుచేసేవాళ్లూను. ఎప్పుడో పోయినవాళ్ల మంచిచెడ్డలు విచారించేవాణ్ణి నేనొక్కణ్ణే. నా పరిశోధన రెవరెండ్ ఒబదయా టారంట్ అనే ఆంగ్లికన్ పాదిరీ గురించి. రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చి, వర్జీనియాలో ఓ చర్చిలో జీవితమంతా గడిపిన మనిషి. నా రూమ్‌మేట్ ప్రభాకర్ వంతెనల ఇంజనీరు. వాడికి ఇది బొత్తిగా మింగుడుపడేది కాదు.

"ఒరేయ్ నాగేశ్వర్రావ్, ఏలూరు నుంచి ఇంతదూరం వచ్చింది పాదిరీ గురించి చదవడానికట్రా? ఏలూరులో పాదిర్లు లేరూ?"

"ఉన్నారు గానీ, చచ్చిపోయి ఇన్నేళ్లయినవాళ్లు లేరు."

"ఓపిగ్గా ఉంటే వాళ్లూ అవుతారు కదరా," అనేవాడు పప్పులో పోపు పెడుతూ. మా అపార్ట్‌మెంట్‌లో పోపు పెట్టడమంటే పెద్ద క్రతువు. ముందు పొగ అలారానికి షవర్ క్యాప్ తొడగాలి, తర్వాత కిటికీలు తెరవాలి, తర్వాత పక్కింటి ముసలావిడకి హెచ్చరికగా గోడ మీద రెండు తట్లు తట్టాలి. ఆవిడ తిరిగి ఒక తట్టు తడితే సరేనన్నమాట. ఆ ఇంటి కార్పెట్‌కి ఇంగువ వాసన ఎంతగా పట్టిందంటే, నేను లైబ్రరీకి వెళ్తే కోటు విప్పకముందే నేనొచ్చానని అక్కడి ఉద్యోగినికి తెలిసిపోయేది. ఆవిడ మారుమాట లేకుండా, పాత కాయితాల దగ్గర సిరా కూడదని నా పెన్ను లాక్కుని పెన్సిలు చేతిలో పెట్టి, టారంట్‌గారి చర్చి కమిటీ పుస్తకం బల్ల మీద పెట్టేది. పాత తోలు, తడి ఆరిన చెక్కబీరువా, పొగాకు గోదాము కలిస్తే వచ్చే వాసన ఆ పుస్తకానిది. ఇంగువ మీద అది ఎప్పుడూ గెలవలేదు.

ఆ కమిటీని వెస్ట్రీ అంటారు. పొగాకు తోటల ఆసాములు పన్నెండుమంది. పాదిరీని పెట్టుకునేదీ తీసేసేదీ వాళ్లే. ఒకసారి గవర్నరుకి పేరు పంపి పర్మనెంట్ చేశారంటే ఇక ఆయన్ని కదపడం బ్రహ్మతరం కాదు. అందుకని ఆ ఆసాములు తెలివిగా పేరు పంపేవాళ్లు కాదు. ఏడాదికోసారి కూర్చుని, "ఈయన్ని ఇంకో సంవత్సరం ఉంచుదాం" అని రాసుకునేవాళ్లు. నా వీసా సంగతీ సరిగ్గా అంతే కనక, ఆ వాక్యం చదివినప్పుడల్లా టారంట్‌గారు నాకు మేనమామ వరసైనట్టుండేది. ఇక అసలు చిక్కు: అమెరికాలో అప్పటికి బిషప్పు లేడు. పాదిరీ అవ్వాలంటే లండన్‌లో బిషప్పు చేత దీక్ష తీసుకుని, ఆ దీక్షాపత్రం వెంట తెచ్చుకోవాలి. టారంట్‌గారి పత్రం ఉన్న పెట్టె వేరే ఓడెక్కి బార్బడోస్ వెళ్లిపోయిందిట. ప్రతి ఏడూ వెస్ట్రీ వారు పత్రం ఏదని అడగడం, వచ్చే ఓడలో వస్తుందని ఆయన చెప్పడం, అయితే వచ్చే ఏడు చూద్దామని వాళ్లు రాసుకోవడం. ఆ ఓడ ఆయన జీవితకాలంలో రాలేదు. ఈలోపు ఆయన ఆ పేటలో పుట్టినవాళ్లందరికీ పేర్లు పెట్టాడు, పెళ్లిళ్లు చేశాడు, పోయినవాళ్లని పూడ్చాడు. మా ప్రొఫెసర్‌గారు పైపు నములుతూ ఒకే మాట అనేవారు: "దీక్ష ఉందా లేదా? అది తేల్చు. అదే నీ థీసిస్."

ఇక నేను పంతులునెలా అయ్యానో చెప్పాలి. మా నాన్న ఏలూరులో పెళ్లిళ్లకి మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. మా ఇంటావంటా జంధ్యం లేదు; మా ఇంట్లో వేలాడే పోగులన్నీ స్పీకరు తీగలే. వైశాఖం, జ్యేష్ఠం వస్తే నేను యాంప్లిఫయర్ పక్కన చాప వేసుకుని కూర్చోవాలి. పురోహితుడు మైకుకి దగ్గరైతే కీచుమంటుంది, దూరమైతే పెళ్లివారు కీచుమంటారు. ఆయన ఎక్కడ గొంతు పెంచుతాడో, ఎక్కడ దించుతాడో ముందే తెలిస్తే గానీ ఆ బొత్తాం తిప్పలేం. అలా తిప్పీ తిప్పీ పదేళ్లలో పెళ్లి మంత్రాలన్నీ, సత్యనారాయణ వ్రతం కథతో సహా, స్వరం తప్పకుండా నాకు వచ్చేశాయి. అర్థం మాత్రం ఒక్క ముక్క రాలేదు. యాంప్లిఫయర్‌కి మాత్రం వచ్చిందా?

డాక్టర్ లలితగారు వర్జీనియాలో మేమున్న ఊళ్లో ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు. తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కు. ఆవిడ కొత్త ఇంట్లో గృహప్రవేశానికి టేప్‌రికార్డరు పెట్టి వ్రతం చేసుకుంటుంటే, సరిగ్గా పూజ మధ్యలో అది టేపు నమిలేసింది. కార్పెట్ మీద పీట, పీట మీద స్టీలు ఫ్లాస్కులో కలశం, మామిడాకులకి బదులు మాగ్నోలియా ఆకులు, ఉప్పులేని వెన్న కాచిన నెయ్యి వాసన, పట్టుచీరల్లో డాక్టర్లు. అందరూ టేపు వంక చూస్తున్నారు. నా ప్రమేయం లేకుండా నా నోరు తెరుచుకుంది. టేపు ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి అందుకుని చివరిదాకా చదివేశాను. కళ్లు తెరిచేసరికి లలితగారు చేతులు జోడించి ఉన్నారు. పొద్దున "ఒరేయ్ నాగేశ్వర్రావ్, ఆ కుర్చీలు ఇటు జరుపు" అన్న మనిషి, మధ్యాహ్నానికి "పంతులుగారూ, మీరు భోజనం చేశారా?" అన్నారు.

అక్కడే నోరు విప్పి ఉండాల్సింది. అప్పుడు నోట్లో బొబ్బట్టు ఉంది. ఎవరూ నన్ను నువ్వు బ్రాహ్మడివా అని అడగలేదు. కళ్లజోడుంది, గుడ్డు తినడు, పొద్దస్తమానం ఏదో పాదిరీ పుస్తకం చదువుతాడు, మంత్రాలొచ్చు, ఇంకేం కావాలనుకున్నారు. ఏడాది తిరిగేసరికి రిచ్మండ్ నుంచి మేరీలాండ్ దాకా నా పరగణా అయింది. టారంట్‌గారు గుర్రం మీద వెళ్లిన దారుల్లోనే నేను ఎడమవైపు తలుపు తెరుచుకోని పాత కారులో, పక్కసీటులోంచి పాకి ఎక్కి, వ్రతాలకి వెళ్లేవాణ్ణి. స్వయంపాకం కింద బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయకి బదులు జుకీనీ ఇచ్చేవారు. ప్రభాకర్‌కి నా రహస్యం తెలుసు. "నువ్వు చేసేది తప్పురా," అంటూనే ఆ జుకీనీతో పులుసు పెట్టేవాడు. మంత్రాల వరస మర్చిపోకుండా కార్డుల మీద రాసుకోవడం మొదలెట్టాను. కొత్త కార్డులు దండగని, పాదిరీగారి మీద నోట్సు రాసుకున్న కార్డుల వెనకవైపే రాశాను. అదీ నేను చేసిన తెలివైన పని.

లలితగారి అమ్మాయి సుధకి పెళ్లి కుదరడంతో కథ మారింది. పెళ్లికొడుకు వాళ్లది న్యూజెర్సీ. పిల్లా పిల్లాడూ కాలేజీలో ఇష్టపడ్డారు, పెద్దలూ ఒప్పుకున్నారు. ఒక్క షరతు మీద. పెళ్లికొడుకు తాతగారు రాజోలు వైపు ఘనాపాఠి. మనవడి పెళ్లికి ఎనభై దాటిన వయసులో విమానం ఎక్కి వస్తున్నారు. పెళ్లికొడుకు తండ్రి ఫోన్‌లో స్పష్టంగా చెప్పాడట: "లలితగారూ, మా నాన్నగారు ఒక్కటే అడుగుతున్నారు. దీక్షగా వేదం చదువుకున్న అసలైన పురోహితుడు ఉండాలి. లేకపోతే పీటల మీంచి పిల్లాణ్ణి లేపేస్తానంటున్నారు. ఆయన అన్నంత పనీ చేస్తారండీ."

"మాకేం, మా పంతులుగారున్నారు!" అన్నారట లలితగారు.

ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నేను బయటపడితే పోయేది నా పరువొక్కటే అయితే దిగుల్లేదు, అది పెద్ద సరుకేం కాదు. పోయేది సుధ పెళ్లి. చెప్పేద్దామని ఆస్పత్రికి వెళ్లాను. ఆవిడ ఆపరేషను దుస్తుల్లోనే బయటికొచ్చారు.

"లలితగారూ, మీకో సంగతి చెప్పాలండి. నేను నిజానికి..."

"పంతులుగారూ, పెళ్లయ్యాక చెప్పండి."

"అప్పుడు చెబితే లాభం లేదండి. నా చదువు..."

ఆవిడ నా కళ్లలోకి చూశారు. మత్తిచ్చే ముందు రోగిని చూసే చూపు అది. "చూడండి, మన ఇద్దరిదీ ఒకటే వృత్తి. నేను సూది పొడుస్తాను, మీరు మంత్రం చదువుతారు, జనం నిద్రపోతారు. ఆపరేషను ముందు సర్జన్‌ని సర్టిఫికెట్ అడిగితే పేషెంటుకి బీపీ పెరుగుతుంది. మీరు వెళ్లి కొబ్బరికాయలు చూడండి." తలుపు మూసుకుంది. మూసుకున్న ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు, ఏడేళ్లుగా నాకు అర్థంకానిది అర్థమైంది. వెస్ట్రీ ఆసాములు ప్రతి ఏడూ పత్రం అడిగింది తెలుసుకోవడానికి కాదు. తెలిస్తే పాదిరీ ఉండడు. పాదిరీ లేకపోతే పెళ్లిళ్లు చేసేవాడుండడు. అందుకని జాగ్రత్తగా, ఏడాదికోసారి, తెలుసుకోకుండా ఉండేవాళ్లు.

పెళ్లికి దొరికింది ఒక చర్చి హాలు. అదీ టారంట్‌గారి శాఖ చర్చే. హోమానికి నిప్పు పెట్టుకోవచ్చు గానీ అగ్నిమాపక శాఖ మనిషి పక్కనుండాలన్నారు. కనక అల్యూమినియం ట్రేలో అగ్నిహోత్రుడు, ఆయన పక్కనే ఎర్ర సిలిండరు పట్టుకుని నిలువెత్తు తెల్లాయన. నెయ్యి పడి మంట ఎగిసినప్పుడల్లా ఆయన ఒక అడుగు ముందుకేసేవాడు, లలితగారు చెయ్యి అడ్డం పెట్టేవారు. ముందు వరసలో ఆ చర్చి పాస్టరుగారు మెడలో పూలదండతో కూర్చున్నారు. ఆయన పక్కన తాతగారు: బక్కపలచటి మనిషి, పట్టు కండువా, మూసిన కళ్లు, లోపల్లోపల కదిలే పెదవులు. ఆ పెదవులు నన్ను దిద్దుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. నా చేతుల్లో కార్డులు తాటాకుల్లా గలగలమంటున్నాయి.

"అంకుల్, నువ్వు నెర్వస్ ఆ?" అంది సుధ తలొంచుకుని. నాకంటే ఆరేళ్లు చిన్నది. "నాకంటే ఎక్కువ షేక్ అవుతున్నావ్."

"ముహూర్తం అలాంటిదమ్మా."

జీలకర్రా బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు గట్టెక్కాయి. సప్తపది వచ్చింది. అడుగుకో కార్డు. ఏకమిషే, ద్వే ఊర్జే అంటూ ఒక్కో కార్డూ చదివి కింద పెడుతున్నాను, వాళ్లు ఒక్కో అడుగూ వేస్తున్నారు. ఏడో కార్డు కింద పెట్టాక చేతిలో ఇంకో కార్డుంది, తిరగబడి, పాదిరీగారి వైపు పైకొచ్చి. భయంలో ఉన్నవాడు చేతిలో ఏముంటే అది చదువుతాడు. అదే స్వరంలో, అదే సాగదీతతో, ఈ మనిషి నడవడి బాగానే ఉన్నది గనక ఇంకొక్క సంవత్సరం ఉంచుకోవడానికి మేమందరం సమ్మతించితిమి అని వెస్ట్రీ వారి ఇంగ్లీషు తీర్మానం చదివేశాను. చదువుతున్నది ఇంగ్లీషని సగంలో గానీ నాకే తెలియలేదు. సుధ పెదవి కొరుక్కుంటూ ఎనిమిదో అడుగు వేసింది. పెళ్లికొడుకు వెనకే వేశాడు. తెల్లవాళ్ల కోసం అనువాదం చెబుతున్నారనుకుని మనవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. మొత్తం పెళ్లిలో తమకి అర్థమైన ముక్క అదొక్కటే కావడంతో పాస్టరుగారు "ఆమెన్" అన్నారు.

తాతగారికి ఇంగ్లీషు రాదు. లెక్క వచ్చు. ఆయన కళ్లు తెరిచి, వేలితో నన్ను దగ్గరికి పిలిచారు. పెళ్లికొడుకు తండ్రి ముఖం పాలిపోయింది. లలితగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేను వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూచున్నాను.

"ఎనిమిదోది ఏ శాఖలోదయ్యా?" అన్నారు నా ఒక్కడికే వినిపించేలా.

ఇక దాచడం నా వల్ల కాలేదు. "శాఖ లేదండీ. నేను పురోహితుణ్ణి కాను. మా నాన్న ఏలూరులో మైకుసెట్టు అద్దెకిస్తాడు. అక్కడ విని నేర్చుకున్నాను. తప్పు నాది. పిల్లల్ని లేపకండి."

ఆయన నా ముఖం వంక చూశారు.

"ఏవైంది నాన్నగారూ?" అన్నాడు కొడుకు, ఉండబట్టలేక.

"ఏవీ లేదు," అన్నారు తాతగారు గట్టిగా. "పంతులు బాగానే చేయిస్తున్నాడు. సప్తపది ఓసారి నా చేత్తో కూడా చేయించాలనుంది, నా తృప్తి కోసం. అబ్బాయ్, నువ్వెక్కడికీ పోకు. పక్కన కూచో. ఆనుకుని కూచో."

ఆయన పీట మీద కూర్చుని ఎత్తుకున్నారు. ఆ కంఠం వింటే ఏలూరులో నేను తిప్పిన బొత్తాలన్నీ సిగ్గుతో చచ్చిపోతాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర ఆగారు. ధ్యానమనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను, ఆయన చెయ్యి నా మోకాలు మీద పడేదాకా. "చెప్పు," అన్నారు పెదవి కదపకుండా. చెప్పాను. ఆయన దాన్ని అందుకుని హాలు కప్పు దాకా లేపారు. అయిదోది చెప్పాను. ఆరోది. ఏడోది. ఈసారి ఏడు దగ్గర జాగ్రత్తగా ఆగాను.

పెళ్లి నిలబడింది. సుధకి ఇప్పుడు మనవలు. ఈ రోజుల్లో ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్ వైపు మొక్కజొన్న చేలున్నచోట డేటా సెంటర్లు వచ్చాయి. ఫోన్‌లో రెండుసార్లు నొక్కితే వేదపాఠశాల పట్టాతో పురోహితుడు ఇంటికొస్తాడు, ఆయన కారుకి రెండువైపులా తలుపులు తెరుచుకుంటాయి. ఆకులు మామిడాకులే, గుమ్మడికాయ గుమ్మడికాయే. అప్పుడే బాగుండేదని నేననను. అప్పటి పెళ్లికూతుళ్లకి నేను దొరికాను, అంతకంటే సాక్ష్యమేం కావాలి. కాకపోతే ఈ మధ్య ఓ వ్రతంలో కుర్ర పురోహితుడు చకచకా చదువుకుపోతుంటే, ఎక్కడ ఆగినా అందుకుందామని నోరు తెరుచుకు కూర్చున్నాను. ఆయన ఎక్కడా ఆగలేదు. టారంట్‌గారి దీక్ష సంగతి కూడా నేను తేల్చలేదు. ప్రొఫెసర్‌గారు చాలా నొచ్చుకున్నారు, థీసిస్‌కి అదనంగా ఏడాది పట్టింది. పత్రం దొరకలేదు, దొరకాలని ఆ పేటలో ఎవరూ కోరుకోలేదు అని మాత్రం రాశాను.

పెళ్లి రోజు భోజనాలయ్యాక తాతగారు చర్చి వంటగదిలో ఒక్కరే కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. నేను కాళ్లకి దణ్ణం పెట్టబోతే వద్దన్నారు.

"రెండేళ్లయింది ఈ జబ్బు పట్టుకుని," అన్నారు గ్లాసు వంక చూస్తూ. "వస్తున్న మంత్రం వస్తూవస్తూనే పోతుంది. మావాడికి చెప్పలేదు. నాన్నగారే పెళ్లి చేయిస్తే బాగుంటుందని వాడు ఎత్తుకునేసరికి గుండె జారిపోయింది. అందుకే అసలైన పురోహితుడుంటే గానీ కుదరదని పట్టుబట్టాను. వాడు దొరికితే నన్నడగరు కదా అని."

"మరి పీటల మీద ఎలా ధైర్యం చేశారండీ?"

"నువ్వున్నావు కదా. ఇన్ని వందల మందిలో నా సంగతి బయటికి చెప్పలేనివాడివి నువ్వొక్కడివే," అని ఆయన నవ్వారు, పళ్లు లేని నవ్వు. బయట న్యూజెర్సీ వ్యాను హారను కొడుతోంది. సోమవారం నేను ప్రొఫెసర్‌గారికి అధ్యాయం ఇవ్వాలి. తాతగారు నా భుజం పట్టుకుని లేచారు.

"రేపు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నన్నే చదవమంటున్నారు. అయిదు కథలు. మొదటి రెండూ నాకు ఇంకా ఉన్నాయి. మిగతా మూడూ నీవి. పద, వ్యానెక్కు."